వెనక్కొచ్చిన రజాయిలు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర బజారు సందుల్లో మాకొక పరుపుల కొట్టు ఉండేది. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు అరుగు, లోపల ఒక గది, దాని వెనక దూది గది. ఊపిరాడదని దూది గదిలోకి పిల్లల్ని రానిచ్చేవారు కాదు. అయినా వెళ్ళేవాళ్ళం. బూరుగు దూది మూటల మీద పట్టే నిద్ర నాకు మళ్ళీ ఏ ఫోమ్ పరుపు మీదా పట్టలేదు. సాయంత్రం తల దువ్వుతూ జుట్టులోంచి దూది పీచులు ఏరుతూ అమ్మ తిట్టేది, "రేపే గుండు గీయించేస్తాను, పీడా పోతుంది" అని. అప్పకీ, అంటే మా అక్కకీ, నాకూ కలిపి ఒకటే తిట్టు.

నాన్న నేల మీద బాసింపట్టు వేసుకుని కుట్టేవాడు. గుడ్డను మూడు వైపులా మిషను మీద కుట్టడం వరకే సులువు. ఆ తరవాత ఏకిన దూదిని పరిచి, సన్నటి కర్రతో కొట్టి సమం చేసి, నాలుగో వైపు మూసి, దబ్బనంతో పైనుంచి కిందికి దారం లాగాలి. వరసలు దగ్గరగా పడితే దూది ఉండ కట్టదు. బద్ధకించి ఎడంగా వేస్తే రెండు చలికాలాలకే మధ్యలో గుడ్డ మిగులుతుంది, దూదంతా అంచులకి చేరుతుంది. దారం లాగీ లాగీ నాన్న చూపుడు వేలికి ఒక గాడి పడిపోయింది. చిన్నప్పుడు నేను ఆ గాడిలో పెన్సిల్ పెట్టి నిలబెట్టేదాన్ని.

పెళ్ళిళ్ళ సీజన్లో చేతినిండా పని ఉండేది. సారెలో పరుపు, రెండు దిండ్లు, వాటికి తొడిగే రెండు గలీబులు తప్పనిసరి. మిగతా రోజుల్లో పాత పరుపులు విప్పి దూది ఏకించి మళ్ళీ కుట్టడమే. 90ల్లోకి వచ్చేసరికి కొబ్బరిపీచు పరుపులు, స్పాంజి పరుపులు మా ఊరికీ దిగాయి. సారె కొనే వాళ్ళు మా అరుగు ముందునుంచే నడిచి వెళ్ళి మెయిన్ రోడ్డు మీద ప్లాస్టిక్ కవరు తొడిగిన పరుపు కొనుక్కుని రిక్షా మీద తీసుకుపోయేవారు. నాన్న చూసీ చూడనట్టు దారానికి మైనం రాసుకుంటూ కూర్చునేవాడు.

అలాంటి రోజుల్లో ఒక బ్రోకరు విశాఖ నుంచి ఆర్డరు తెచ్చాడు. అక్కడ ఒక లాడ్జికి 150 రజాయిలు, అంటే దూది పెట్టి కుట్టిన మందపాటి దుప్పట్లు, కావాలి. నాన్న అంతకుముందు ఒకేసారి పదో పన్నెండో కుట్టి ఉంటాడు. శాంపిల్‌గా ఒకటి కుట్టి పంపాడు, నచ్చింది. మీగడ రంగు మీద మెరూన్ పువ్వుల గుడ్డ. అడ్వాన్సు ఏదో నామమాత్రంగా ఇచ్చారు. మిగతా పెట్టుబడికి నాన్న నూటికి మూడు వడ్డీకి తెచ్చాడు. ఇల్లు ఇల్లంతా ఫ్యాక్టరీ అయిపోయింది. వరండాలో దూది ఏకే మిషను రొద, నడవలో అమ్మ దబ్బనం. ఇద్దరు కూలీలను కూడా పెట్టారు. సగం పైగా అయ్యాక గుడ్డ అయిపోయింది. బట్టల కొట్టుకి వెళ్తే అదే డిజైన్, కొత్త తాను ఇచ్చారు. ఇంటికొచ్చి పక్కపక్కన పరిస్తే తెలిసింది, మెరూన్ పువ్వులు కాస్తా ఇటుకరంగులోకి తిరిగాయని. నాన్న చాలాసేపు చూసి, "కప్పుకున్నాక ఎవడికి కనిపిస్తాయి" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనలేదంటే ఒప్పుకోలేదని మాకందరికీ తెలుసు.

దసరా ముందు వ్యాన్ మాట్లాడి పంపించారు. మర్నాడు సాయంత్రం అదే వ్యాను అదే సరుకుతో మా సందు మొదట్లో ఆగింది.

లాడ్జి మేనేజరు రెండు రజాయిలు పక్కపక్కన పెట్టి చూపించాడట. "ఈ గదిలో ఇదీ, ఆ గదిలో అదీ వేస్తే మా పరువేం కావాలయ్యా?" అన్నాడట. పోనీ, రంగు కలిసినవైనా తీసుకోమంటే, సెట్టుగా అయితేనే కావాలన్నాడు. పైగా బరువన్నాడు. శాంపిలూ అంతే బరువుంది మరి. కాగితం మీద ఏమీ రాసుకోలేదు కాబట్టి మాట్లాడటానికి నాన్న దగ్గర నోరు తప్ప ఏమీ లేదు, నాన్నకి ఆ నోరూ తక్కువే. పానిపట్టు రగ్గులు ఇంకా చవగ్గా దొరికాయని, అసలు సంగతి అదని కొన్నాళ్ళకి బ్రోకరే చెప్పాడు. వ్యాన్ బాడుగ రెండు వైపులా మాకే పడింది.

ఆ ఏడు సిరిమానోత్సవం మా ఇంట్లో ఎవరికీ పండగలా అనిపించలేదు. దసరా తరవాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే చివర పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను, తిరుగుతుంది. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మనుషుల తలకాయలు తప్ప నేల కనిపించదు. అన్ని ఊళ్ళ నుంచి అంతమంది వస్తారు కదా, ఇక్కడే అమ్మేద్దామని నాన్న రోడ్డు పక్కన పట్టా పరిచి రజాయిలు పేర్చాడు. జాతరకొచ్చిన వాళ్ళు గాజులు కొంటారు, ఖర్జూరం కొంటారు, పిల్లలకి బూరలు కొంటారు. చెమటలు కారే ఆ ఉక్కపోతలో రజాయి కొని, దాన్ని నెత్తిన పెట్టుకుని గజపతినగరం బస్సెక్కేవాడెవడు? తరవాత సంతలన్నీ తిరిగి, అసలుకి నష్టంగా కొన్ని వదిలించుకున్నాడు. అమ్మ నానుతాడు బ్యాంకులోకి వెళ్ళింది. సగానికి పైగా రజాయిలు దూది గదిలోనే ఉండిపోయాయి.

దానం సంగతి ఇక్కడ మొదలవుతుంది గానీ, అది దయతో మొదలైందని నేను అబద్ధం చెప్పను. ఎలకలతో మొదలైంది. మార్గశిరం నాటికి దూది గదిలో ఎలకలు దూరి రజాయిల అంచులు కొట్టడం మొదలుపెట్టాయి. ఒకరోజు పొద్దున్న అమ్మ చేతిలో చిల్లు పడిన రజాయి పట్టుకుని వచ్చి నాన్న ముందు పడేసింది. "ఎలకలకి పెట్టే బదులు మనుషులకి పెట్టు. స్టేషన్ దగ్గర నేల మీద పడుకుంటున్నారు, కనబడట్లేదా?" అంది.

అమ్మకి కనబడటానికి కారణం ఉంది. మా చిన్న మావయ్య అప్పటికే కూలి పనికి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. మా వైపు ఇది కొత్త కాదు. పొలం పని అయిపోగానే ఊళ్ళకి ఊళ్ళు హైదరాబాద్, చెన్నై, విశాఖ రైళ్ళెక్కేస్తాయి. శ్రీకాకుళం మత్స్యకారులైతే గుజరాత్‌లో వేరావల్ దాకా వెళ్ళి పడవల మీద పనిచేస్తారు. అంతకుముందు సంక్రాంతికి వచ్చిన మావయ్యని అమ్మ "అక్కడ ఎక్కడ పడుకుంటున్నావురా?" అని అడిగింది. "కట్టే మేడలోనే అక్కా. మేడ పూర్తయిపోతే రోడ్డు మీదే. ఇంకో మేడ మొదలెట్టేదాకా" అన్నాడు నవ్వుతూ. అమ్మ నవ్వలేదు. ఆ తరవాత స్టేషన్ వైపు వెళ్ళినప్పుడల్లా ప్లాట్‌ఫారం మీద పడుకున్న వాళ్ళని దాటుకుంటూ పోకుండా చుట్టూ తిరిగి నడిచేది.

ఒక రాత్రి రిక్షా నిండా రజాయిలు వేసుకుని నాన్న బయల్దేరాడు. మూటలు జారకుండా పట్టుకోవడానికి నన్ను పైన కూర్చోబెట్టాడు. స్టేషన్ దగ్గర అమ్మవారి వనంగుడి ఉంది. ఆ చుట్టుపక్కల, పార్సిల్ ఆఫీసు వరండా కింద, టికెట్ కౌంటర్ల ముందు హాల్లో మనుషులు పడుకుని ఉన్నారు. రాయగడ పాసింజరు దిగిన వాళ్ళెవరో, పొద్దున్న పలాస పాసింజరు ఎక్కే వాళ్ళెవరో, ఏ రైలూ ఎక్కని వాళ్ళెవరో చూడగానే తెలియదు. కొంచెం సేపు నిలబడి చూస్తే తెలుస్తుంది. రైలు వచ్చినప్పుడు లేవని వాళ్ళు, చెప్పులు తలకింద పెట్టుకున్న వాళ్ళు. వాళ్ళకి తలా ఒకటి ఇచ్చాం. దండాలు పెట్టారు. ఒకాయన నా తల మీద చెయ్యి పెట్టి ఒరియాలో ఏదో దీవించాడు. తిరిగొస్తూ నాన్న రిక్షాలో పాట కూడా కూనిరాగం తీశాడు. వ్యాను వెనక్కొచ్చాక నాన్న గొంతులో పాట వినడం అదే మొదలు.

వారం తిరక్కుండానే ఆ పాట ఆగిపోయింది. ఏదో పని మీద స్టేషన్ వైపు వెళ్ళిన నాన్నకి ఒక రజాయి టీ బడ్డీ బల్ల మీద పరిచి కనిపించింది. ఇంకొకటి పాత ఇనప సామాన్ల వాడి తోపుడు బండి మీద. మరొకటి కాలవ గట్టున తడిసి ముద్దై పడి ఉంది. తీసుకున్న మనుషులు మాత్రం అదే గచ్చు మీద, అదే చింకి గుడ్డ కప్పుకుని ఉన్నారు. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగి, "డబ్బుచ్చి కొనేవాడు వద్దన్నాడంటే అది వ్యాపారం. ఊరికే ఇచ్చినా వద్దేటే?" అన్నాడు అమ్మతో. లాడ్జి వాడు తిప్పి పంపినప్పుడు కూడా ఆ ముఖం అంత చిన్నబోలేదు.

"ఎందుకొద్దో అడిగావా?" అంది అమ్మ.

అడగలేదు. లాడ్జి మేనేజరు కొలతలు చెప్పాడు, బరువు చెప్పాడు, రంగు చెప్పాడు. స్టేషన్లో వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. మర్నాటి రాత్రి నాన్న ఖాళీ చేతులతో వెళ్ళాడు, నేనూ వెంటపడ్డాను. వనంగుడి దగ్గర ఒక ముసలామె ఉండేది. పగలు గుడి ముందు కూర్చునేది, రాత్రి పార్సిల్ వరండాలో పడుకునేది. నాన్న ఆమె పక్కనే చతికిలబడి, రజాయి బాగులేదా అని అడిగాడు. ఆమె చెప్పింది నాకు ఇప్పటికీ దాదాపు మాటకి మాటగా గుర్తుంది.

"బాగుంది బాబూ, బాగునేదని ఎవులన్నారు? రాతిరికి బాగుంది. మరి తెల్లారితే దీన్ని నానెక్కడ ఎట్టుకోవాల? నెత్తి మీదెట్టుకుంటే మెడ ఇరిగిపోతంది. ఇక్కడొగ్గీసి ఎల్తే తుడిసీవోలు అట్టుకెల్లిపోతారు. తడిసిందనుకో, మూడ్రోజులు ఆరదు. ఆరీదాకా దాని పక్కన కాపలా కూకుంటే నాకు కూడెవులెడతారు?"

నాన్న తల గీరుకున్నాడు. "మరి చలికో?"

"సలి ఎన్నాళ్ళు బాబూ, నెల్రోజులు. దోమలు పన్నెండు నెల్లూను."

దోమలకి ముసుగు తన్నాలంటే రజాయి లోపల ఊపిరాడదట. చలి కూడా పైనుంచి కాదు, కింద గచ్చులోంచి వస్తుందట. "నడుం కిందకి కావాల. పైకి పల్చటిదుంటే సాలు." ఇంకో మాట కూడా అంది. అంత పెద్ద మూట పక్కన పెట్టుకుంటే రైల్వే పోలీసులు దూరం నుంచే కనిపెట్టి లాఠీతో తడుతున్నారట. అదే ఒక చిన్న సంచి పట్టుకుని కూర్చుంటే పాసింజరు కోసం చూస్తున్న మనిషనుకుని వదిలేస్తారు. నేను పెద్దయ్యాక చదివాను, 1989 నాటి రైల్వే చట్టంలో 144వ సెక్షన్ ప్రకారం స్టేషన్లో అడుక్కోవడం అప్పట్లో నేరమే. ఆమెకి సెక్షన్ నంబరు తెలియదు, సంచి సైజు తెలుసు.

పక్కనే రిక్షా ఆపుకుని సీట్లో ముడుచుకుని పడుకున్న మనిషి ఇదంతా వింటున్నాడు. అతనికి ఏం కావాలని నాన్న అడిగితే, "నాకు నిలువెడు గుడ్డెందుకు గురూ, నేనెప్పుడైనా నిలువునా పడుకుంటే గదా! కాళ్ళకి కప్పుకోడానికి చిన్న ముక్కుంటే చాలు" అన్నాడు. అది వేళాకోళమో నిజమో అర్థం కాక నాన్న నవ్వలేదు. నిజమే. రిక్షా వాళ్ళు బండి వదిలి కింద పడుకుంటే తెల్లారేసరికి బండి ఉండదు.

మర్నాడు నాన్న దూది గదిలోంచి ఒక రజాయి తెచ్చి అరుగు మీద పరిచి, తన చేత్తో కుట్టిన కుట్లన్నీ బ్లేడుతో తెంపేశాడు. కుట్టినవాడు కుట్టు తెంపడం చూడటానికి ఏదోలా ఉంటుంది. దూదంతా బయటికి తీసేశాడు. ఒక్కో రజాయిలో రెండు కిలోల పైనే ఉండేది. అందులో నాలుగో వంతు మాత్రం మళ్ళీ ఏకించి కింది పొరకి పరిచాడు, దాని మీద పాత గుడ్డ వేసి దగ్గర దగ్గరగా కుట్టాడు. పై పొర వట్టి గుడ్డే. రెండిటినీ పొడుగు వైపు ఒకటి, కాళ్ళ వైపు ఒకటి కుట్టి, మిగతా రెండు వైపులా వదిలేశాడు. మనిషి లోపలికి దూరి పడుకుంటాడు. కింద మెత్తగా ఉంటుంది, పైన దోమ కుట్టదు, ముక్కు దగ్గర గాలి ఆడుతుంది. తెల్లారాక ఉన్న రెండు బట్టలూ లోపల పెట్టి, కాళ్ళ వైపు నుంచి చుట్టి, నాడాతో కట్టేసి భుజానికి వేలాడదీసుకుంటే సంచి. రాత్రి బట్టలు తలవైపు దోపితే దిండు. మొదటి దాంట్లో అప్పనే పడుకోబెట్టి చూశాడు. అప్ప లోపలికి దూరి బయటికి రానంది.

చాలా ఏళ్ళ తరవాత హైదరాబాద్‌లో ఒక ట్రెక్కింగ్ సామాన్ల షాపులో స్లీపింగ్ బ్యాగు చూసి, ధర చూసి, నాకు నవ్వాగలేదు. సేల్స్ కుర్రాడు ఏంటి మేడమ్ అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. మా ఇంట్లో దాని పేరు "మనిషి గలీబు". అప్ప పెట్టిన పేరు.

రిక్షా వాళ్ళకి విడిగా, మోకాళ్ళ దాకా వచ్చేవి కుట్టాడు. ముక్కలు వృథా పోకుండా అవి బాగా కలిసొచ్చాయి.

ఈసారి పంచడానికి వెళ్ళినప్పుడు మా పద్ధతి మారిపోయింది. రిక్షా దగ్గర నిలబడి ఇవ్వలేదు. నాన్న ఒక్కొక్కరి పక్కనా కూర్చుని చుట్టడం, కట్టడం చూపించాడు. కొందరు వద్దన్నారు. వద్దన్న వాళ్ళని ఎందుకని అడిగాడు. ఒకతను, "నాకు సంచుంది, లోపల పరుచుకునేది కుట్టియ్యి" అన్నాడు. ఒక ఆడమనిషి, కట్టుకునే నాడా చివర తాళం కప్ప పట్టేలా కాజా కావాలంది. నాన్న అన్నీ బుర్రలో రాసుకున్నాడు, షావుకారు దగ్గర ఆర్డరు తీసుకున్నట్టే. తేలిన సంగతి ఇంకొకటుంది. లాడ్జి వాడు తప్పుపట్టిన ఆ రెండు రంగులు ఇక్కడ పనికొచ్చాయి. పక్కపక్కన పడుకునే ఇద్దరిలో ఒకరు మెరూన్, ఒకరు ఇటుకరంగు అడిగి మరీ తీసుకున్నారు, తెల్లారి ఎవరిదేదో పోట్లాట రాకుండా. మరీ లేత రంగని, మాసిపోతుందని మాత్రం అందరూ సణిగారు. స్టేషన్ కుళాయి దగ్గర దుప్పటి ఉతకనిస్తారేటి అని ముసలామె నాన్నని దబాయించింది కూడా.

వ్యాపారం మాటా చెప్పాలి, లేకపోతే నాన్నేదో మహాత్ముడని మీరనుకునే ప్రమాదం ఉంది. తీసిన దూది గుట్టలా మిగిలింది. దాన్ని ఏకించి దిండ్లు కుట్టాడు. దిండ్లకి ఎప్పుడూ గిరాకీయే. స్పాంజి పరుపు కొన్నవాళ్ళు కూడా దిండు మాత్రం దూదిదే కావాలనేవారు. ఉగాది నాటికి అప్పు తీరలేదు గానీ, వడ్డీ కట్టడం తేలికైంది. నానుతాడు ఆ మరుసటి ఏడు ఇంటికొచ్చింది. రజాయిలుగా చూసుకుంటే మొత్తం నష్టమే. దిండ్లుగా చూసుకుంటే ఒడ్డున పడ్డాం.

అక్కడినుంచి అదొక అలవాటైపోయింది. ఏడాది పొడుగునా పరుపు గుడ్డల ముక్కలు ఒక గోనెలో పడేవి. కార్తీకం వెళ్ళాక అమ్మ వాటిని కుప్ప పోసి పెద్దవీ చిన్నవీ వేరు చేసేది. ముదురు రంగులు పైకి, లేత రంగులు లోపలికి. నేను కాజాలు కుట్టేదాన్ని. తాళం కప్ప కాజా చేత్తో కుట్టాలి, వంకర పోతే విప్పించేది.

ఊళ్ళో ఒక క్లబ్బు వాళ్ళకి ఈ సంగతి తెలిసి, మనమూ చలికాలంలో ఏదైనా చేద్దామని ముందుకొచ్చారు. బ్యానరు కట్టారు, స్టేషన్ బయట టేబుల్ వేశారు, నాన్నని కూడా కూర్చోబెట్టారు. మిల్లు రగ్గులు. ఒక్కొక్కర్నీ పిలిచి, రగ్గు ఒక చివర పెద్దమనిషి, ఇంకో చివర తీసుకునేవాడు పట్టుకుని ఫొటో. ముసలామె ఫొటోలో నిలబడనంది. వద్దులెండి, వెళ్ళమనండి అని ఎవరో అంటే, రగ్గు లేకుండానే వెళ్ళిపోయింది. మర్నాడు క్లబ్బు సెక్రటరీ మా కొట్టుకొచ్చి నాన్న ముందు నెత్తి బాదుకున్నాడు. "చూశారా, తెల్లారేసరికి సగం మంది టీ బడ్డీ దగ్గర ఇరవైకీ ముప్పైకీ అమ్మేసుకున్నారు. ఈ జనానికి చేస్తే ఇంతే." నాన్న దారానికి మైనం రాస్తూ, "అమ్ముకోనీండి బాబూ. నావైతే అమ్ముడు కూడా పోలేదు" అన్నాడు. ఆయనకి అర్థమైందో లేదో గానీ, టీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

ఆ ముసలామె ఒక ఎండాకాలం తరవాత కనబడలేదు. గుడి దగ్గర అడిగితే కొడుకొచ్చి తీసుకెళ్ళాడని ఒకరు, ఆస్పత్రిలో చేర్చారని ఒకరు చెప్పారు. కొడుకున్నాడని మాకు ఎప్పుడూ చెప్పలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను ఊళ్ళో లేను. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు. లైను కలిశాక నాన్న మొదట చెప్పింది కొట్టు పైకప్పు రేకులు లేచిపోయాయని. రెండో మాట, దూది గదిలో దాచిన గలీబులు తడవలేదని. "పల్చగా కుట్టబట్టి పైన అటక మీద పట్టాయి. రజాయిలైతే కిందే ఉండి నాని చచ్చేవి." అప్పటికి నాన్న కుట్టడం తగ్గిపోయింది, కళ్ళు ఆనడం లేదు. ఆ తరవాత రెండేళ్ళకి కొట్టు తీసేశాం. ఇప్పుడక్కడ మొబైల్ రిపేరు షాపుంది.

నాన్న పోయాక, ఉద్యోగం కోసం ఏవో ప్రభుత్వ కాగితాలు చదువుతుంటే ఈ లెక్కలు కంటబడ్డాయి. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళు దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మంది. స్టేషన్లో ఒక రాత్రి గడిపిన ఎవరికైనా అది తక్కువ లెక్కే అనిపిస్తుంది. సంచి భుజాన వేసుకుని పాసింజర్లలా కూర్చునే వాళ్ళని లెక్కలవాడు ఎలా కనిపెడతాడు? 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల ప్రకారం పట్టణాల్లో లక్ష జనాభాకి కనీసం 100 మందికి సరిపడా ఆశ్రయం ఉండాలన్నారు. మనిషికి 50 చదరపు అడుగుల చోటివ్వాలన్నారు. దుప్పట్లు, పరుపులు ఎప్పటికప్పుడు శుభ్రం చేయాలని కూడా రాశారు. రాసినవాళ్ళెవరో గానీ, ఆ దుప్పట్ల ముక్క చదివినప్పుడు వాళ్ళు కూడా ఎవరినో అడిగే రాసుంటారనిపించింది. విజయనగరం జనాభా ఆ లెక్కల నాటికే రెండు లక్షలు దాటింది.

ఆశ్రయం ఉన్నా అందరూ వెళ్ళరని కూడా తెలుసుకున్నాను. రిక్షా స్థానంలో ఇప్పుడు తోపుడు బండి వచ్చింది. బండి లోపల పెట్టనివ్వకపోతే బండివాడు బయటే పడుకుంటాడు. మొగుడూ పెళ్ళాలని విడిగా పడుకోమంటే వాళ్ళు ప్లాట్‌ఫారమే మేలనుకుంటారు. పిల్లల్లా అలిగి కాదు, వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి.

కోవిడ్ తరవాత అప్పా నేనూ కలిసి ఈ పని మళ్ళీ మొదలుపెట్టాం. అప్ప చీపురుపల్లిలో ఉంటుంది, దానికి తెలిసిన టైలరు ఒకతను దొరికాడు. దూది ఏకే మిషన్లు కరవైపోయాయి కాబట్టి కింది పొరకి పాత నూలు చీరలు నాలుగైదు మడతలు వేసి కుట్టిస్తున్నాం. చీరలు చుట్టాలు ఇస్తున్నారు. పట్టు, సింథటిక్ ఇచ్చిన వాళ్ళకి మొహమాటం లేకుండా తిప్పి పంపేస్తున్నాం. సింథటిక్ చెమట పీల్చదు, పైగా బీడీ నిప్పు పడితే ఒంటికి అతుక్కుపోతుంది. పోయినసారి తీసుకున్నవాళ్ళు అప్పకి మూడు ఫిర్యాదులు చెప్పారు. ఫోను పెట్టుకోవడానికి లోపల జేబు లేదట. ఆడవాళ్ళకి పొడుగు చాలడం లేదు, చీర కుచ్చిళ్ళతో దూరితే కాళ్ళ దగ్గర బిగుసుకుంటోందట. నైలాన్ నాడా భుజం కోసేస్తోందట. జేబు, వెడల్పు సంగతి టైలరుకి చెప్పేశాను. నూలు నాడా హోల్‌సేల్‌లో ఎక్కడ దొరుకుతుందో ఇంకా వాకబు చేస్తున్నాను, విజయనగరంలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.